కలగూర గంపలో పలనాటి చరిత్ర

పలనాటి చరిత్ర అనగానే మనవాళ్లు కోడిపోరుతో మొదలుపెట్టి కారంపూడి రణరంగంతో ముగిస్తారు. నాగమ్మ మంచిదా చెడ్డదా అని ఇప్పటికీ వాదించుకునేవారున్నారు. ఆ పోరు సాగించిన వేలాదిమంది ఏం తిని సాగించారని అడిగినవారు తక్కువ. ఆ నేలను దున్నినవారూ, దానిలో కలుపు తీసినవారూ తరతరాలుగా పొయ్యిమీద ఏం పెట్టుకున్నారన్నది చరిత్ర కిందకు రాదని మన పండితుల అభిప్రాయం కాబోలు. ఈ వ్యాసంలో నేను ఆ ప్రశ్ననే పట్టుకుంటాను. అందులోనూ మాంసం సంగతి వదిలిపెట్టి ఆకులూ, కాయలూ మాత్రమే తీసుకుంటాను. ఎందుకంటే వీటిని గురించి మనకు కావలసినంత అపోహ వుంది. శాకాహారమంటే పవిత్రమనీ, పైకులాల ఆచారమనీ ఒకవైపు అనుకుంటూనే, పొలంగట్టున మొలిచిన ఆకు తినటం దరిద్రమని రెండోవైపు అనుకుంటాం. ఈ రెండు అభిప్రాయాలూ ఒకే బుర్రలో హాయిగా కాపురం చేస్తాయి.

పలనాటి కూర గురించి మనకు దొరికే పాత సాక్ష్యం ఒక ఎగతాళి. శ్రీనాథుడు చెప్పాడని లోకం అనుకునే చాటువుల్లో ఈ సీమ మీద కొన్ని వున్నాయి. ఒకదానిలో ఇక్కడి నాపరాళ్లతోనూ, పాములతోనూ, తేళ్లతోనూ కలిపి జొన్నకూటినీ, సజ్జకూటినీ లెక్కవేశాడు. మరొకదానిలో సాక్షాత్తు శ్రీకృష్ణుడికే సవాలు విసిరాడు. విషం తాగావు, కార్చిచ్చు మింగావు, సరే. చింతచిగురు వేసి వుడికించిన బచ్చలికూరతో జొన్నకూడు ఒక్క ముద్ద దిగమింగి చూపించు, నీ గొప్ప తెలుస్తుంది అని దాని భావం. బడిపిల్లలకు కూడా ఈ పద్యాలు తెలుసు. విని నవ్వుతాం. ఎవరి కంచాన్ని చూసి నవ్వుతున్నామో ఆలోచించం.

శ్రీనాథుడు కొండవీటి రాజు పెదకోమటి వేమారెడ్డి (1402–1420) ఆస్థానంలో విద్యాధికారి. సన్నబియ్యానికీ, నేతికీ అలవాటుపడిన నాలుక ఆయనది. ఆయన కవిత్వాన్ని నేను తక్కువ చెయ్యబోవటం లేదు; తెలుగు పద్యానికి ఆయన నేర్పిన నడక మరొకరు నేర్పలేదు. కాని ఒక ఆస్థానకవి, రాజుగారి వంటశాల దాటి వచ్చి, మెట్టపొలాల జనం తినే తిండిని చూసి చేసిన వ్యాఖ్య ఇది అన్న సంగతి మరిచిపోకూడదు. (2022 ఏప్రిల్ 4న గుంటూరు జిల్లాను విడగొట్టి నరసరావుపేట కేంద్రంగా పలనాడు జిల్లా చేసినప్పుడు కొండవీడు కూడా ఈ జిల్లాలోకే వచ్చింది. ఎగతాళి చేసిన కోటా, ఎగతాళికి గురైన పల్లే ఇప్పుడు ఒకే కలెక్టరు కింద వున్నాయి.)

ఆ ముద్దను నేను వండి చూశాను. చరిత్రకు పత్రాలూ, శాసనాలూ మాత్రమే ఆధారాలు కావు. కుండ కూడా ఆధారమే. జొన్నలు విసిరి, నూక వేరుచేసి, ఎసట్లో పోసి గట్టిగా వండించాను. బచ్చలి తీగ మా దొడ్లోనే వుంది. చింతచిగురు నరసరావుపేట బజారులో వైశాఖమాసంలో కుప్పలుగా దొరుకుతుంది. మిరపకాయ వెయ్యకూడదని నియమం పెట్టుకున్నాను, కారణం తరవాత చెబుతాను. ఉప్పు, నాలుగు మిరియాలు, ఆవాల తాలింపు. అంతే.

ముందు ఉత్త జొన్నకూడు తిన్నాను. నోట్లో పొడిపొడిగా నిలబడిపోయింది. మంచినీళ్లు లేనిదే గొంతు దిగలేదు. తరవాత బచ్చలి ఒక్కటే వుడికించి తిన్నాను. అది జిగురు, జారిపోతుంది గాని రుచి పట్టదు. చింతచిగురు ఒక్కటే అయితే పళ్లు పులిసిపోతాయి. మూడూ కలిపినప్పుడు సంగతి అర్థమైంది. జొన్న పొడితనానికి బచ్చలి జిగురు విరుగుడు. బచ్చలి జిగురుకు చిగురు పులుపు విరుగుడు. చిగురు పులుపును జొన్న చప్పదనం పీల్చుకుంటుంది. కవిసార్వభౌముడు శిక్షగా భావించిన ముద్దలో ఎంతోమంది ఆడవాళ్లు ఎన్నో ఏళ్లపాటు సరిచూసుకున్న లెక్క వుంది. నెయ్యి లేని ఇంట్లో జొన్నకూడు గొంతు దిగాలంటే ఏం చెయ్యాలి అన్న ప్రశ్నకు అది జవాబు.

ఆ పద్యం మరొక సంగతి కూడా చెబుతుంది. చింతచిగురు వచ్చేది ఎండల్లో. ఆ రోజుల్లో మెట్టపొలాల్లో పచ్చని ఆకు వుండదు. ఇంటి వెనక అంట్లు తోమిన నీళ్లు పారేచోట పెరిగే బచ్చలి ఒక్కటే గతి. అంటే కవి పలనాడు వచ్చింది వేసవిలో అయివుండాలి. తొలకరి పడ్డాక శ్రావణంలో వచ్చివుంటే ఆయన విస్తట్లో ఆగాకరకాయలు, గురుగాకు, కాసరకాయలు పడివుండేవి. మన సాహిత్యానికి ఒక చాటువు తక్కువై వుండేది.

ఇక మిరపకాయ సంగతి. మిరప అమెరికా ఖండపు మొక్క. 1498లో వాస్కోడగామా కాలికట్టు రేవులో దిగిన తరవాత పోర్చుగీసువారి ఓడల్లో అది మన దేశానికి వచ్చింది. పదిహేనో శతాబ్ది పూర్వభాగంలో బతికిన శ్రీనాథుడు మిరపకాయను చూసివుండడు. మిరియం అనే పాత మాట నుంచే మనవాళ్లు ఈ కొత్తకాయకు పేరు కట్టుకున్నారు. ఇవాళ గుంటూరు సీమ పేరు చెబితే దేశమంతటికీ మిరపకాయే గుర్తుకువస్తుంది. పలనాటి కారం తరతరాల నాటిదని మీసం మెలేసేవారు, తమ వీరులు దానిని రుచి చూడలేదన్న సంగతి తెలుసుకుంటే బాగుంటుంది.

పోనీ, జొన్న మనదేనా? ఆఫ్రికా ఈశాన్యభాగంలో జనం దానిని మొదట సాగుచేశారు. అక్కణ్ణించి సుమారు నాలుగు వేల ఏళ్ల కిందట ఇక్కడికి చేరింది. సజ్జ పశ్చిమాఫ్రికాది. చింతచెట్టు ఆఫ్రికాది. ఆంధ్రుల పరువుకు చిహ్నమైన గోంగూర కూడా ఆఫ్రికా నుంచే వచ్చిందని వృక్షశాస్త్రజ్ఞులు అంటారు. శ్రీనాథుడి విస్తట్లో వున్న మూడింటిలో ఈ గడ్డమీదే పుట్టినది బచ్చలి ఒక్కటే. నేనిది చెప్పటం ఎవరి అభిమానాన్నో దెబ్బతియ్యటానికి కాదు. ప్రజలు ఎప్పుడూ కొత్త కూరలను రుచి చూస్తూనే వున్నారు, నచ్చినదాన్ని నిలుపుకున్నారు. స్వచ్ఛమైన సనాతన భోజనం అనేది ఎక్కడా లేదు.

ఒకచోట మాత్రం వుందనుకోవాలేమో. తద్దినం పెట్టేరోజు బ్రాహ్మణుల ఇళ్లలో వంట చూడండి. క్యాబేజీ, టమాటా, బంగాళాదుంప, క్యారెట్టు పనికిరావు. చాలా ఇళ్లలో మిరపకాయ కూడా పనికిరాదు, మిరియాలు వాడతారు. అరటి, కంద, చామ, కాకర వుంటాయి. శాస్త్రం పేరుతో కాపాడుతున్నది నిజానికి పోర్చుగీసువాడు రాకముందటి వంటిల్లు. దానిని చరిత్ర దృష్టితో చూస్తే చాలా విలువైన సాక్ష్యం. ఆచారంగా మాత్రమే చూస్తే ఏమీ బోధపడదు. పితృదేవతలకు పనికిరాని కూరలకు మన జనం పెట్టిన పేర్లు కూడా ముచ్చటైనవే. బంగాళాదుంప, బెంగుళూరు వంకాయ, సీమచింత. వచ్చిన దిక్కును బట్టి పేరు. క్యాబేజీ, క్యారెట్టు, బీన్సులను కలిపి ఇంగ్లీషు కూరలు అనటం పల్లెల్లో ఇప్పటికీ వినబడుతుంది. మా చిన్నతనంలో అవి పెళ్లిళ్లకు పట్నం నుంచి బుట్టల్లో వచ్చేవి. వాటిని వండించగలగటం హోదా. గట్టు మీది ఆకును తినటం ఆ హోదాకు తక్కువ. ఈ విధంగా మెట్టప్రాంతంలో కూరలకు కూడా కులభేదం ఏర్పడింది.

కులభేదం మాట వచ్చింది గనక చాపకూటి సంగతి చెప్పక తప్పదు. పన్నెండో శతాబ్ది చివర బ్రహ్మనాయుడు అన్ని కులాలవారినీ ఒక చాప మీద కూర్చోబెట్టి భోజనం పెట్టించాడనీ, మాలవాడైన కన్నమదాసును సేనానిగా చేసుకున్నాడనీ పలనాటి గాథ. ఏటా కార్తీకంలో కారంపూడిలో ఐదురోజులపాటు జరిగే వీరారాధనలో చాపకూటిని ఈనాటికీ జరుపుతున్నారు. దానిలో కూడు అనే మాటను గమనించండి. చాపభోజనం అనలేదు, చాపఅన్నం అనలేదు. ఆనాడు కూడు గౌరవమైన మాట. వరి తినేవాడిది అన్నం, జొన్న తినేవాడిది కూడు అయ్యాక ఆ మాట దిగజారింది. ఇవాళ కూడు తిన్నావా అని ఎవరినైనా అడిగితే తన్నులు తినాలి. ఒక మాట పతనంలో ఒక వర్గం పతనం కనబడుతుంది.

పుస్తకాల్లో కనబడని పలనాటి ఆకులు సామెతల్లో కనబడతాయి. బతికుంటే బలుసాకు తిని బతకవచ్చు అంటాం. తలపెట్టిన పని చెడిపోయినవాడికి ధైర్యం చెప్పటానికి ఇవాళ ఆ సామెత వాడుతున్నాం. దాని పుట్టుక ధైర్యంలో లేదు, కరువులో వుంది. బలుసు రాతినేలల్లో పెరిగే ముళ్లపొద. వానలు వెనకపట్టినా దాని ఆకు చావదు. మిగతావన్నీ ఎండిపోయినప్పుడు మిగిలేది అది. 1832–33లో, నందన నామ సంవత్సరంలో, గుంటూరు సీమను పట్టిన కరువుకు జనం డొక్కల కరువని పేరు పెట్టారు. జిల్లాలో వున్న సుమారు 5 లక్షలమందిలో లక్షన్నర నుంచి రెండు లక్షలదాకా చచ్చిపోయారని అంచనా. మద్రాసు బాట పట్టి దారిలోనే పడిపోయినవారు ఎందరో. కంపెనీ దొరల రెవిన్యూ మీద ఆ దెబ్బ చాలాకాలం పోలేదు. కృష్ణమీద బెజవాడ దగ్గర ఆనకట్ట కట్టాలన్న ఆలోచన బలపడటానికి ఈ కరువు ఒక కారణం. ఆ ఆనకట్ట 1855లో పూర్తయింది. నీళ్లు డెల్టాకు వెళ్లాయి. ఎగువన కృష్ణ ఒడ్డునే వున్న పలనాడు మరొక నూరేళ్లకు పైగా బలుసాకును నమ్ముకునే వుండిపోయింది.

1876–78 ధాత కరువులో మద్రాసు రాజధానిలో ఒక విచిత్రమైన వాదం జరిగింది. కరువు పనుల కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం కొనుక్కోగలిగినంత కూలి చాలునని సర్ రిచర్డ్ టెంపుల్ నిర్ణయించాడు. మద్రాసు ఆరోగ్యశాఖ అధికారి డాక్టర్ కార్నిష్ అది మనిషిని చంపే కొలత అన్నాడు. గింజ ఒక్కటే చాలదు, పప్పూ, కూరా వుండాలి అన్నాడు. 1877లో ఆ కూలిని సవరించవలసి వచ్చింది. ఒక వైద్యుడు ప్రభుత్వంతో పోరాడి కాగితం మీద రుజువు చెయ్యవలసి వచ్చిన సంగతి మన కలుపుకూలీకి పుట్టుకతో తెలుసు. జొన్న ఎంత వున్నా ఆకు లేకపోతే ఒళ్లు నిలవదు. అందుకే ఆమె అడివికి వెళ్లింది.

అడివి పలనాటి బీదల వంటింటి అటక. కట్టెలు, పశువుల మేత, వాక్కాయలు, పరికిపళ్లు, ఆగాకర, చింతచిగురు అన్నీ అక్కడినుంచే. 1882 మద్రాసు అడవుల చట్టం ఆ అటకకు తాళం వేసింది. రిజర్వు గీతలు గీశారు. పశువును మేపితే పుల్లరి కట్టమన్నారు. మన చరిత్రకారులు 1921–22 పలనాటి సత్యాగ్రహాన్ని పశువుల పన్నుకు వ్యతిరేకంగా జరిగినదిగా రాశారు. అది నిజమే. కాని పశువు వెంట అడివిలోకి వెళ్లిన మనిషి వట్టిచేతులతో తిరిగిరాదు. మేతకు దారి మూస్తే కూరకు కూడా దారి మూసుకుపోతుంది. 1922 ఫిబ్రవరిలో మించాలపాడు దగ్గర కన్నెగంటి హనుమంతు తూటాలకు నేలకొరిగింది ఈ తాళం బద్దలు కొట్టబోయే. స్వరాజ్యం వచ్చాక కూడా గీతలు అలాగే వున్నాయని వేరే చెప్పనక్కరలేదు.

అడివి దూరమైనకొద్దీ పొలంలోని కలుపే అడివి అయింది. ఇక్కడ మన భాష ఒక గొప్ప సాక్ష్యం దాచివుంచింది. కలగూర గంప అంటే ఇవాళ పొంతన లేని వ్యవహారం అని అర్థం. అసంబద్ధమైన పుస్తకాన్ని సమీక్షకుడు కలగూర గంప అని తిడతాడు. ఆ గంప ఎవరిది? కలుపు తీస్తూ గడ్డిని ఒకవైపు, తినే ఆకును ఒకవైపు వేసుకుని, సాయంత్రం ఇంటికి తెచ్చుకునే కూలిమనిషిది. దానిలో గురుగు వుంటుంది, చెంచలి వుంటుంది, చిలకతోటకూర, గలిజేరు, పాయలకూర, కాలవ పక్కన పొన్నగంటి. ఏ రోజు ఏది దొరికితే అది. ఇన్ని రకాల ఆకుల్లో దేనిని చిగురుగా వున్నప్పుడే తుంచాలో, దేనిని వుడికించి నీళ్లు వార్చాలో, దేనికి పులుపు తగలాలో ఆమెకు తెలుసు. అంత జ్ఞానాన్ని మన పండితులు తిట్టుకింద మార్చారు.

గురజాల దగ్గర ఒక మిరపతోటలో కలుపు తీస్తున్న ముసలామెను అడిగాను.

“ఇదేం ఆకు అవ్వా?”

“గురుగు నాయనా. పువ్వెత్తకముందే తుంచాలి. పువ్వెత్తితే ఇంక గేదెకే.”

తెలంగాణలో ఇదే మొక్క పువ్వెత్తాక గునుగు పేరుతో బతుకమ్మలో కూర్చుంటుంది. ఒకచోట దేవత, ఒకచోట కూర, ఆసామి లెక్కలో కలుపు. ఆ ఆకును కందిపప్పులో వేసి, వెల్లుల్లి తాలింపుతో వండించాను. తోటకూర కన్నా గట్టి ఆకు, కాస్త ఎక్కువ సేపు వుడకాలి, చివర చిన్న వగరు. నల్లేరు పచ్చడి కూడా చేయించాను. లేతకణుపులకు నార తీసేటప్పుడు చేతికి నూనె రాసుకోకపోతే దురద. నూనెలో బాగా వేగకపోతే గొంతులో దురద. నువ్వులూ, చింతపండూ వేసి రోట్లో నూరితే మాత్రం గోంగూర పచ్చడికి తీసిపోదు. వాక్కాయ పప్పు గురించి నేను చెప్పనక్కరలేదు, దానికి పట్నంలో కూడా భక్తులున్నారు.

నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది కాసరకాయ. కాకర జాతిదే, వేలి కొస అంత వుంటుంది. నల్లరేగడి భూముల్లో తొలకరి పడగానే నేలలోని దుంప నుంచి తీగ లేస్తుంది. విత్తనం వెయ్యనక్కరలేదు, నీళ్లు పెట్టనక్కరలేదు. రెండు కొసలూ గిల్లి, ఉల్లిపాయతో నూనెలో వేయించి, కారం, చిటికెడు బెల్లం వేస్తే అయిపోయింది. చేదు వుంది గాని కాకర చేదులా నాలుక మీద తిష్ఠ వెయ్యదు. దీనికి ఒక గుణం వుంది. కోసిన మర్నాటికే పగిలి గింజలు బయటపడతాయి. నిలవ వుండదు. అందుకే దళారి దీని జోలికి రాడు. లారీకెక్కని కూర అంగడికి పనికిరాదు. అంగడికి పనికిరానిది వ్యవసాయశాఖ పుస్తకాల్లో అరుదుగా కనబడుతుంది. పొలానికి నడిచి వెళ్లేవాళ్లకు మాత్రమే దొరికే కాయ ఇది. టమాటా ఇన్ని వూళ్లు తిరగటానికీ, కాసర పొలం దాటకపోవటానికీ రుచి కారణం కాదు.

1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలవలకు నీళ్లు వదిలారు. కుడికాలవ పలనాటి మధ్యనుంచి సాగింది. శ్రీనాథుడు వరి లేదని ఏడిపించిన సీమలో వరి పండింది. ఆ రోజుల్లో పెద్దవాళ్లు కాలవనీళ్లు కళ్లకద్దుకున్న సంగతి నాకు తెలుసు. దానిని తక్కువచేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం రెండు రూపాయలకు కిలో బియ్యం ఇచ్చాక కూలి ఇంట్లో కూడా అన్నం వుడికింది. శతాబ్దాలుగా వున్నవాళ్లు మాత్రమే తిన్న గింజ లేనివాడి కుండలోకి వచ్చింది. జొన్న పశువులకు పోయింది. అన్నానికి బచ్చలి జిగురు అవసరం లేదు. అది దానంతట అదే గొంతు దిగుతుంది. కాబట్టి జొన్నకు తోడుగా పుట్టిన కూరలు కూడా వెనకబడ్డాయి. మిరప, పత్తి వచ్చి మెట్టనంతా ఆక్రమించాయి. చేతికి నాలుగు డబ్బులు వచ్చాయి, అప్పులూ వచ్చాయి. పప్పు, కూర దుకాణం నుంచి కొనుక్కోవటం అలవాటైంది. ఆకలి తగ్గింది. ఒంట్లో రక్తం మాత్రం పెరగలేదని ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణీలకు ఇచ్చే ఇనుము మాత్రలు చెబుతున్నాయి.

ఆ మాత్రల్లో ఇనుముతోపాటు ఫోలిక్ ఆమ్లం వుంటుంది. లాటిన్‌లో ఆకును ఫోలియం అంటారు. 1941లో పాలకూర నుంచి తీసినప్పుడు ఆ పేరు పెట్టారు. దానిని 1945లో అమెరికాలోని లెడర్లే ప్రయోగశాలలో తయారుచేసిన బృందానికి నాయకుడు మన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఆయన అన్నగారు ఒకరు స్ప్రూ జబ్బుతో పోయారు. ఆ జబ్బుకే ఈ మందు. ఒక తెలుగువాడు సముద్రాలు దాటి వెళ్లి, ఆకులోని సారాన్ని మాత్రగా మార్చాడు. ఇక్కడ అదే కాలంలో మనం ఆకును కంచంలోంచి తీసేశాం. కూనూరు పోషకాహార పరిశోధనాలయం నుంచి 1937లోనే ఎయిక్రాయిడ్ భారతీయ ఆహారాల పోషకవిలువల పట్టిక వెలువరించాడు. ఆకుకూరల గొప్పతనం అందులోనే వుంది. ఆ సంస్థ తరవాత హైదరాబాదుకు వచ్చి జాతీయ పోషకాహార సంస్థ అయింది. విషయం తెలియక జరిగిన నష్టం కాదు ఇది.

ఇప్పుడు కథ మరో మలుపు తిరిగింది. ఐక్యరాజ్యసమితి 2023ను చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించింది. పట్నాల్లో జొన్నరొట్టె, కొర్ర అన్నం, మునగాకు పొడి ఆరోగ్యం పేరుతో సన్నబియ్యం కన్నా ఎక్కువ ధరకు అమ్ముడుపోతున్నాయి. శ్రీనాథుడు మింగలేకపోయిన ముద్దను కృష్ణుడు కాదు గాని, మధుమేహం వచ్చిన పెద్దమనిషి డబ్బులిచ్చి మరీ మింగుతున్నాడు. దీనిని చూసి వెక్కిరించటం తేలిక. నేనూ ఆ బజారులోనే చింతచిగురు కొన్నవాణ్ణి. తినేవాడు పెరగటం మంచిదే. అయితే ఆ ఆకును ఇన్ని శతాబ్దాలు గుర్తుపెట్టుకున్న మనిషికి ఈ వ్యాపారంలో స్థానం ఏమిటి? జహీరాబాదు ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల్లోని దళిత స్త్రీలు ఈ ప్రశ్నకు తమ పద్ధతిలో జవాబు చెప్పారు. పాత పంటల జాతర పేరుతో ఎడ్లబండ్ల మీద తమ విత్తనాలను వూరూరా తిప్పారు. విత్తకుండా మొలిచే ఆకుల పేర్లను తామే లెక్కకట్టి చెప్పారు. పలనాటిలో అటువంటి ప్రయత్నం వేళ్లూనలేదు. మిరప ధర మీద వున్న ధ్యాస ఇక్కడ మరిదేనిమీదా నిలవనివ్వదు.

అసలు ప్రమాదం పట్నంవాడి నాలుక వల్ల రాలేదు, కలుపుమందు వల్ల వచ్చింది. మందు కొడితే గడ్డీ చస్తుంది, గురుగూ చస్తుంది, కాసర తీగా చస్తుంది. కలుపుకూలి పోతుంది, ఆ కూలితోపాటు గంపా పోతుంది. గ్లైఫోసేట్ వాడకాన్ని శిక్షణ పొందిన చీడనివారణ సంస్థలవారికే పరిమితం చేస్తూ కేంద్రప్రభుత్వం 2022 అక్టోబరులో ఉత్తర్వు ఇచ్చింది. అది ఒక మందు సంగతి. దుకాణంలో మరి ఎన్నో మందులున్నాయి.

ఇక్కడ అభ్యుదయవాదులమైన మనం ఒక చిక్కు ప్రశ్నను తప్పించుకోకూడదు. వంగి వంగి నడుము పడిపోయే కలుపుపని ఆడవాళ్లకు శాశ్వతంగా వుండాలని కోరుకోవటం అభ్యుదయమా? కాదు. ఎండలో రోజంతా కలుపు తీసినవాళ్లెవరూ ఆ పని తమ కూతుళ్లకు రావాలని కోరుకోరు. ఆకు మంచిది గనక కలుపుకూలీ వ్యవస్థ మంచిదనే వాదం, బలుసాకు బలమైనది గనక కరువు మంచిదనే వాదం వంటిదే. కాని కలుపుమందు ఆమె నడుముకు విశ్రాంతి ఇవ్వటానికి రాలేదు. ఆమెకివ్వవలసిన కూలి మిగుల్చుకోవటానికి వచ్చింది. పోయిన కూలికి బదులుగా మరో పని ఆమెకు చూపించినవారు లేరు. పోయిన కూరకు బదులుగా రేషన్ దుకాణంలో ఆకుకూర ఇచ్చినవారు లేరు.

ఆసామి వైపు నుంచి కూడా చూడాలి. దుర్గి దారిలో ఒక కౌలురైతుతో మాట్లాడాను. ఎకరాకు కౌలు ముందే చెల్లించాలి, విత్తనం అప్పు, ఎరువు అప్పు. పత్తి ధర ఎప్పుడు ఎంత వుంటుందో తెలియదు.

“కలుపుకు మనుషుల్ని పెడితే నాకేం మిగలదన్నా. మందు కొట్టక ఏం చేసేది?” అన్నాడు.

అతని భార్య పక్క పొలానికి కూలికి వెళుతుంది. ఆమె తెచ్చే గంప అతని మందు వల్లే ఖాళీ అవుతోందని అతనికి తెలుసు. ఈ వైరుధ్యం అతను సృష్టించినది కాదు. పొలంలో తప్ప గట్టుమీద మందు కొట్టనని చెప్పాడు. కాసర, చెంచలి ఇంకా ఆ గట్లమీద దొరుకుతున్నాయి. కౌలు పెరిగినకొద్దీ గట్టును కూడా చెక్కి సాళ్లలో కలుపుతున్నారు. రెండు మూరలు వుండే గట్టు ఇప్పుడు ఒక మనిషి కాలు పెట్టేంత వుంది.